ఎపిసోడ్ 34: కాకటీల్‌కు ఇంట్లో పంజరం – కొలతలు, తలుపు, చోటు

శ్రీను: శ్రోతలకు నమస్కారం. పోయిన వారం మాట ఇచ్చినట్టుగా, చిలుక జాతికి చెందిన చిన్న పక్షి కాకటీల్‌ను ఇంట్లో పెంచాలనుకునేవారు మొదటి పంజరాన్ని ఎలా ఎంచుకోవాలో ఈ రోజు మాట్లాడుకుందాం. కొలతలు, తలుపు, పంజరం పెట్టే చోటు అనే మూడు విషయాలను వరుసగా చెప్పుకోవాలని పిన్నీ నేనూ అనుకున్నాము. వెనుక వినిపిస్తున్న ఈల మా కాకటీల్ ముత్యానిది. కిటికీ అవతల కొబ్బరిచెట్టు మీద ఉడుత కనిపించినప్పుడల్లా అది అలాగే పలకరిస్తుంది.

పిన్ని: అందరికీ నమస్కారం. కొలతల దగ్గరికి వెళ్ళే ముందు ఒక్క మాట చెబుతాను. దుకాణానికి స్కేలు తీసుకుని వెళ్ళండి.

శ్రీను: పదకొండో ఎపిసోడ్ నుంచి మన శ్రోతలకు అది కంఠస్థమే, పిన్నీ.

పిన్ని: కంఠస్థమైనా మళ్ళీ చెబుతాను, ఎందుకంటే దుకాణంలో అందరూ పంజరం ఎత్తునే చూస్తారు. ఎత్తుగా, గోపురంలా ఉన్న పంజరం కంటికి నచ్చుతుంది కానీ, పక్షి అటు నుంచి ఇటు ఎగురుతుందే తప్ప బావిలో చేదలాగా పైకీ కిందికీ ఎగరదు. కాకటీల్ తల నుంచి తోక చివరి దాకా సుమారు 30 సెంటీమీటర్లు ఉంటుంది. అది రెండు రెక్కలూ పూర్తిగా చాచి విదిలించినా ఏ ఊచకూ తగలకూడదు, తోక అడుగున రాసుకోకూడదు. ఒక్క పక్షికి కనీసం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలని పెంపకందార్లు చెబుతారు. నా మటుకు నేను జంటకు మూడడుగుల పొడవు తగ్గితే కొనవద్దనే చెబుతాను.

శ్రీను: ఊచల మధ్య సందు గురించి కూడా చెప్పండి.

పిన్ని: అసలు స్కేలు కావలసింది అక్కడే. కాకటీల్‌కు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోపు ఉండాలి. మన ఊళ్ళలో లవ్ బర్డ్స్ అనే పేరుతో అమ్మే చిన్న రంగుల పక్షులు నిజానికి బడ్జరిగార్లు. వాటికి అర అంగుళం మించకూడదు. సందు ఎక్కువైతే పక్షి తల బయటికి పెడుతుంది, పెట్టిన తలను వెనక్కి తీసుకోలేదు. గుండ్రటి పంజరాలలో పైకి పోయే కొద్దీ ఊచలు దగ్గరవుతాయి కదా, ఆ ఇరుకులో కాలి వేలు చిక్కుకుంటుంది. అందువల్ల నలుచదరంగా, నగిషీలు లేకుండా ఉన్నదే తీసుకోవాలి.

శ్రీను: తలుపు విషయం రెండు మాటల్లో చెప్పేస్తాను. పైకి జరిపే తలుపు పక్షి మెడ మీద పడే ప్రమాదం ఉంది, పైగా కాకటీల్ ముక్కుతో దానిని ఎత్తడం వారం రోజుల్లో నేర్చుకుంటుంది. పక్కకు తెరుచుకునే తలుపూ, గట్టి గొళ్ళెమూ ఉన్న పంజరమే మేలు. తినే గిన్నెలు పెట్టే చిన్న తలుపులకు కూడా విడిగా గడియలు ఉండాలి. ఇక చోటు...

పిన్ని: చోటుకు ముందు ధర గురించి చెప్పాలి, శ్రీనూ. మంచి పంజరం కొనలేనివారు మనకు రాస్తున్నారు. వారికి నా సలహా ఏమిటంటే, వెల్డింగు దుకాణానికి వెళ్ళి, జాలీ కొనిచ్చి, కావలసిన కొలతకు చేయించుకోండి. పొడవు మీ చేతిలో ఉంటుంది, ఖర్చూ తగ్గుతుంది.

శ్రీను: ఏ జాలీ?

పిన్ని: మామూలుగా దొరికే జాలీయే.

శ్రీను: మామూలుగా దొరికేది జీఐ జాలీ, అంటే జింకు పూత పూసిన ఇనుప జాలీ. దానితో చిలుక జాతి పక్షికి పంజరం చేయించవద్దని నేను చాలా రోజులుగా చెబుతున్నాను. మీరు ప్రతిసారీ మళ్ళీ అక్కడికే వస్తారు.

పిన్ని: కడిగి వాడితే ఏమీ కాదని నేనూ చెబుతున్నాను.

శ్రీను: అయితే ఈ రోజు దీనిని పూర్తిగా మాట్లాడుకుందాం. ఇనుప తీగ తుప్పు పట్టకుండా దానిని కరిగించిన జింకులో, అంటే మన పెద్దలు తుత్తునాగం అనే లోహంలో, ముంచి తీస్తారు. ఆ పూత అంతటా సమంగా అంటదు. అతుకుల దగ్గర బొట్లు బొట్లుగా గడ్డకడుతుంది, తీగ కోసిన చివర్లలో సన్నని పోగులుగా వేలాడుతుంది, తేమ తగిలితే తెల్లటి పొడిగా రాలుతుంది. పిచ్చుకకు దీనితో పెద్దగా పని లేదు, ఎందుకంటే అది ఊచలను పట్టుకుని ఎక్కదు. కాకటీల్‌కు ముక్కు మూడో కాలు. అది ముక్కుతో ఊచను పట్టుకుని పైకి లేస్తుంది, ఆ ఊచనే నాలుకతో తడిమి చూస్తుంది, కదిలే పెచ్చు కనిపిస్తే ఊడేదాకా గీకుతుంది. ఊడిన పెచ్చు కందనకాయలోకి పోతుంది. పళ్ళు లేని పక్షికి కందనకాయే తిరగలి కాబట్టి, లోహపు ముక్క అక్కడే ఆగి, నలుగుతూ, కడుపులోని ఆమ్లంలో కరుగుతూ, రోజూ కొంత కొంత రక్తంలో కలుస్తుంది. పక్షుల వైద్యులు దీనికి ‘న్యూ వైర్ డిసీజ్’ అని పేరు పెట్టారంటే, కొత్త జాలీలో ఇది ఎంత మామూలో అర్థం చేసుకోవచ్చు.

పిన్ని: కొత్త జాలీ అని నువ్వే అన్నావు కదా. అందుకే దానిని వెనిగర్ పోసి ఇనుప బ్రష్‌తో రుద్దాలి, నీళ్ళతో కడగాలి, మళ్ళీ రుద్దాలి, ఆ తరువాత నెలల తరబడి ఎండలో, వానలో ఉంచాలి. వదులుగా ఉన్నదంతా రాలిపోతుంది. మీ బాబాయి చేసినదీ అదే. ఆ పంజరంలో బడ్జరిగార్లు ఆరేళ్ళు బతికాయి, పిల్లలను పెట్టాయి.

శ్రీను: రుద్దితే వదులుగా ఉన్నది పోతుంది, పూత పోదు. పూత మొత్తం పోయేలా రుద్దితే మిగిలేది తుప్పు పట్టే ఇనుము. పైగా బడ్జరిగార్ బరువు 30, 40 గ్రాములు. కాకటీల్ 90 గ్రాముల దాకా ఉంటుంది, ముక్కు బలం వేరు. ఒక పక్షికి సరిపోయిన పంజరం మరొక పక్షికి సరిపోతుందని అనుకోవడం వల్లనే, ముత్యానికి ముందు మన ఇంట్లో ఉన్న కాకటీల్ చుక్కకు...

పిన్ని: చుక్క మాట ఇక్కడ ఎత్తకుండా ఉండవచ్చు కదా.

శ్రీను: ఎత్తకుండా ఈ మాట చెప్పలేను, పిన్నీ. శ్రోతలలో చాలామందికి చుక్క పోయిందని తెలుసు, ఎలా పోయిందో నేను ఎప్పుడూ చెప్పలేదు. మొదట నీళ్ళు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. రెట్టలో నీరు ఎక్కువై, రంగు ముదురు ఆకుపచ్చగా మారింది. నేను వేసవి అనుకున్నాను. నాలుగో రోజు అది పై కర్ర మీద కూర్చోలేక, పంజరం అడుగున పరిచిన కాగితం మీద కళ్ళు మూసుకుని ఉంది. డాక్టరుగారు ఎక్స్‌రే తీస్తే కందనకాయలో తెల్లటి చుక్కలు మూడు కనిపించాయి. కాల్షియం ఈడీటీఏ ఇంజెక్షన్లు ఇచ్చారు, లోహాన్ని పట్టి బయటికి తెచ్చే మందు అది. తొందరగా పట్టుకుంటే చాలా పక్షులు బతుకుతాయట. మేము తొందరగా పట్టుకోలేదు. ఇంటికి వచ్చి పంజరం చూస్తే, తలుపు పక్కన అతుకు దగ్గర బొట్టు ఉండవలసిన చోట నున్నగా గీకిన గుర్తు ఉంది.

[కొంతసేపు నిశ్శబ్దం. ముత్యం ఈల.]

పిన్ని: ఆ పంజరం కోసం మీ బాబాయి రెండు ఆదివారాలు ఆ దుకాణం ముందు నిలబడ్డారు. ప్రతి గడినీ స్కేలు పెట్టి కొలిచారు. నేను తీసుకెళ్ళమని చెప్పే ఆ చెక్క స్కేలు ఆయనదే. సందు ఒక్కచోట కూడా అర అంగుళం దాటలేదు. ఆయనకు తెలిసిన ప్రమాదం అదొక్కటే, దానికి ఆయన చేయగలిగినదంతా చేశారు.

శ్రీను: నాకు తెలుసు, పిన్నీ. నేను బాబాయిని ఒక్క మాట అనలేదు.

పిన్ని: నువ్వు అనలేదు. ఆయనే అనుకుంటున్నారు. ముత్యం వచ్చి రెండేళ్ళయింది, ఆయన ఇంతవరకు దానికి ఒక్క కొర్ర గింజ కూడా పెట్టలేదు. అందుకే కడిగితే పరవాలేదు, కడిగితే పరవాలేదు అని నేను అంటూ ఉంటానేమో. సరే, ఆ మాట వదిలేస్తాను. కానీ నా ప్రశ్నకు నువ్వు ఇంకా జవాబు చెప్పలేదు. స్టీలు పంజరం ధర ముత్యం ధరకు ఎన్ని రెట్లో నీకు తెలుసు. అది కొనలేనివారు ఏం చేయాలి?

శ్రీను: కొనలేకపోతే పక్షిని తెచ్చుకోకూడదు.

పిన్ని: అలా అనడం చాలా తేలిక. పిల్లవాడు అడిగాడని పక్షిని తెచ్చి, దానితో పాటు అంగట్లో ఇచ్చిన చిన్న పంజరంలో పెట్టుకున్నవారు ఈ పాటికి వింటూ ఉంటారు. పక్షి ఇప్పటికే వారి ఇంట్లో ఉంది. వారికి చెప్పు.

శ్రీను: నేను అన్న మాట తొందరపాటు. వారికి చెప్పవలసింది వేరే ఉంది. చెక్క చట్రం చేయించి, లోపలి వైపు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ బిగించుకోవచ్చు. జాలీ లోపలి వైపు ఉంటే పక్షి ముక్కు చెక్క దాకా అంతగా పోదు. మొత్తం స్టీలుతో చేయించినదాని కంటే నాకు అది తక్కువకే అయింది. ముత్యం ఉన్నది అందులోనే. లేదా కంపెనీలో రంగు పూత కాల్చి ఇచ్చిన పంజరం కొనవచ్చు, కానీ ఆ పూత గోటితో గీకితే పెచ్చు లేవకూడదు. పూత లేచిన రోజు ఆ పంజరం ఆయుష్షు తీరినట్టే.

పిన్ని: స్టీలు అని చెప్పి జీఐ అంటగడితే ఎలా తెలుస్తుంది?

శ్రీను: చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్ళాలి. జీఐ లోపల ఇనుము కాబట్టి టక్కున అతుక్కుంటుంది. 304 రకం స్టీలుకు అది అతుక్కోదు, వంచిన చోట్ల కొద్దిగా లాగినట్టు ఉంటుంది.

పిన్ని: అయితే స్కేలుతో పాటు అయస్కాంతం కూడా.

శ్రీను: స్కేలుతో పాటు అయస్కాంతం కూడా. గొళ్ళెం, గంట, గొలుసు, బొమ్మ తగిలించే కొక్కెం కూడా చూడాలి. పంజరం స్టీలుదై, కొక్కెం జింకు పూతదైతే పక్షి ఆ కొక్కేన్నే పట్టుకుని కూర్చుంటుంది.

పిన్ని: ఒక శ్రోత రాశారు, వారి అమ్మమ్మగారి కాలం నాటి ఇత్తడి పంజరం అటక మీద ఉందట, చింతపండుతో తోమి వాడవచ్చా అని అడిగారు.

శ్రీను: ఇత్తడి అంటేనే రాగి, జింకు కలిసిన లోహం. దానిని అలంకారంగా ఉంచుకోండి, పక్షిని అందులో పెట్టకండి. ఆ పంజరంలో అమ్మమ్మగారు పెంచినది రామచిలుకే అయి ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను ఇప్పుడు ఇంట్లో పెంచడం నేరమని కూడా చెప్పాలి. కాకటీల్, బడ్జరిగార్ ఆస్ట్రేలియా పక్షులు, వాటి సంగతి వేరు.

పిన్ని: హైదరాబాదు పాతబస్తీలో పక్షులు అమ్మే ముర్గీ చౌక్‌కు మనం వెళ్ళిన నాడు కూడా ఆ ఇత్తడి పంజరాలే కదా నువ్వు అరగంట చూశావు.

శ్రీను: ఆ రోజు సంగతి వదిలేయండి, పిన్నీ. చోటు గురించి చెప్పడానికి సమయం మిగల్లేదు.

పిన్ని: నేను త్వరగా చెబుతాను. వంటగదికి దూరంగా పెట్టండి. నాన్‌స్టిక్ పెనం మాడేలా వేడెక్కితే వచ్చే పొగ మనకు వాసన కూడా తెలియకముందే పక్షిని చంపగలదు, ఎందుకంటే దాని ఊపిరి మార్గం మనకంటే చాలా సున్నితం. మిరపకాయల తిరగమోత, శుక్రవారం సాంబ్రాణి, దోమల మందు, అన్నీ ఆ లెక్కలోనివే. బాల్కనీలో వద్దు, అక్కడ పిల్లి, గద్ద, రోహిణి కార్తె ఎండ మూడూ ఉంటాయి. హాలులో ఒక వైపు గోడకు ఆనించి, మన ఛాతీ ఎత్తులో, స్టాండు మీద పెట్టి, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు ఉంచండి. పక్షిని బయటికి వదిలే ముందు సీలింగ్ ఫ్యాను ఆపి, రెక్కలు పూర్తిగా ఆగిందాకా చూడండి.

శ్రీను: పంజరంతో పాటు అంగట్లో ఇచ్చే మట్టి ముంత తీసేయండి. ముంత కనిపిస్తే ఆడపక్షి దానిని గూడు అనుకుని గుడ్ల మీద గుడ్లు పెట్టి నీరసిస్తుంది. ఒకే మందం ఉన్న నున్నటి కర్రలు కూడా తీసి, జామ కొమ్మలు లావూ సన్నమూ కలిపి కట్టండి. లేకపోతే అరికాళ్ళు పుండ్లు పడతాయి.

పిన్ని: రాత్రి చిన్న దీపం ఒకటి ఉంచండి. కాకటీళ్ళకు చీకట్లో ఉలికిపాటు ఎక్కువ. గోడ మీద బల్లి కదిలినా పంజరమంతా కొట్టుకుని రెక్కలు విరుచుకుంటాయి. శ్రీనూ, ఒక్కసారి ఆగు. ఈల ఆగిపోయింది.

శ్రీను: అవును. హాలులో ఎవరో ఉన్నారు.

పిన్ని: మీ బాబాయే. పంజరం దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో ఏముందో ఇక్కడి నుంచి కనబడడం లేదు.

శ్రీను: స్కేలు అనుకుంటాను. ఊచల మధ్య పెట్టి చూస్తున్నారు.

పిన్ని: రికార్డింగు ఆపెయ్యి, నాన్నా. ఈ మాటలు ఆయనకు వినిపిస్తాయి.