రెండు మిషన్లు: సిక్కోలు ఎంపీ కథ

హోస్ట్: రికార్డవుతోంది. అన్నా, మీది సిక్కోలు కాబట్టి సూటిగా అడుగుతున్నా. ఎర్రన్నాయుడు గారి అబ్బాయి కాకపోతే రామ్మోహన్ నాయుడు గారు 26 ఏళ్లకే ఎంపీ అయ్యేవారా?

అతిథి: (నవ్వు) ఎక్కడయ్యేవారు! అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివొచ్చిన కుర్రాణ్ణి పిలిచి ఎవరిస్తారయ్యా టికెట్టు? 2012 నవంబరు 2న, ఇంకా తెల్లారలేదు, విశాఖలో పెళ్లి చూసుకుని వస్తుంటే రణస్థలం దగ్గర ఎర్రన్న కారు ట్యాంకర్ని గుద్దుకుంది. 55 ఏళ్లు, అంతే. 1983లోనే ఎమ్మెల్యే, తర్వాత వరసగా 4 సార్లు ఎంపీ, 1996లో కేంద్ర మంత్రి. 2014లో పడిన ఓట్లలో సగం ఆ ఫొటోకి పడినవేనని నా లెక్క.

హోస్ట్: బాబాయి అచ్చెన్నాయుడు, తోబుట్టువు భవాని కూడా రాజకీయాల్లోనే. వారసత్వమని జనం అంటే తప్పేముంది?

అతిథి: తప్పేం లేదు, అననీ. కానీ 2019 సంగతి చూడు. రాష్ట్రమంతా ఫ్యాను గాలి. తెలుగుదేశానికి మిగిలినవి 3 ఎంపీ సీట్లు. శ్రీకాకుళం పార్లమెంటు కింద 7 అసెంబ్లీలుంటే టెక్కలి, ఇచ్ఛాపురం తప్ప 5 వైసీపీకే పోయాయి. అయినా ఎంపీగా ఈయనే గెలిచారు.

హోస్ట్: మెజారిటీ ఎంత?

అతిథి: 6,653.

హోస్ట్: అబ్బ! అంచు మీద బయటపడ్డారన్నమాట.

అతిథి: అంచే. ఆ రోజు బూత్‌లో రెండు మిషన్లు, ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి. ఒకదాంట్లో ఫ్యాను నొక్కి, రెండడుగులేసి రెండోదాంట్లో సైకిలు నొక్కినవాళ్లు లేకపోతే ఈ లెక్క తేలదు. నాన్నగారి మీద సానుభూతి ఏడేళ్లు నిలవదు కదా. ఢిల్లీలో చదివినందువల్ల హిందీ బాగా వచ్చు. లోక్‌సభలో ఆయన హిందీ ప్రసంగాల వీడియోలు మా ఊళ్లో టీ కొట్టు దగ్గర ఫోన్లలో తిరిగేవి. సగం మందికి అర్థం కాకపోయినా "మనోడు గట్టిగా అడుగుతున్నాడ్రా" అనుకునేవారు.

హోస్ట్: 2021లో బిడ్డ పుడితే సభకి సెలవు అడిగింది ఈయనే కదా?

అతిథి: ఆయనే. మా పెద్దాళ్లు నవ్వారులే, "పురుడు ఆడదానికి గానీ మగాడికేంట్రా" అని. నాకు మాత్రం నచ్చింది. 2024లో మెజారిటీ 3 లక్షల 27 వేలు దాటింది, 36 ఏళ్లకే పౌర విమానయాన మంత్రయ్యారు. కానీ నన్నడిగితే ఆ లక్షల కన్నా 6,653 గెలుపే పెద్దది.

హోస్ట్: సరేగానీ, 2019లో మీ అమ్మగారు దేనికి వేశారు?

అతిథి: అడిగితే ఇప్పటికీ చెప్పదు. "రెండు మిషన్లున్నాయి, రెండూ నొక్కీసినాను, పోరా" అంటాది.