ఎసట్లో పోసే నీళ్ళు

శ్రోతలకు నమస్కారం.

"పరిశోధనకి టాపిక్ ఎలా ఎంచుకోవాలి సార్?" అని పీజీ పిల్లలు అడుగుతుంటారు. వాళ్ళకి ముందు ఎద్దుల సంగతి చెబుతాను.

1930ల నాటి మాట. నెల్లూరు జిల్లాలో నిన్నటి దాకా బాగా దున్నిన ఎద్దు కాడి మోయలేక కుంటడం రైతులు గమనించారు. కొన్నేళ్ళకి అవే అవస్థలు మనుషుల్లోనూ కనిపించాయి. నడుము వంగదు, మెడ తిరగదు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఈ జబ్బు మీద వ్యాసం ప్రచురించారు. అదే ఫ్లోరోసిస్, నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై ఎముకల్ని పట్టే జబ్బు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు.

కారణం దొరికింది కదా అని అందరూ అక్కడే ఆగిపోలేదు. 1970ల్లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కొందరు పిల్లలకి మోకాళ్ళు లోపలికి ఎందుకు వంగుతున్నాయని మళ్ళీ వెతికారు. పాత విషయంలోంచే కొత్త ప్రశ్న.

గైడు మాట, డబ్బు, మూడేళ్ళ గడువు, ల్యాబులో ఉన్న మిషను, వీటిని బట్టి కూడా టాపిక్ ఖాయమవుతుంది. అందులో తప్పు లేదు. నేనూ మిషను చూసే ఎంచుకున్నాను. డిగ్రీ వచ్చింది. కానీ నా పని ఎవరికి పనికొచ్చిందంటే ఇప్పటికీ చెప్పలేను. ఆ బాధ నాకుంది. అందుకే పిల్లల్ని ముందు ఊళ్ళోకి తీసుకెళతాను.

కనిగిరి వైపు ఒక ఊళ్ళో నీళ్ళ శాంపిళ్ళు పడుతున్నాం. బోరు దగ్గర బిందె నింపుకుంటున్న ఒక పెద్దావిడ, మా సీసాల వంక చూసి అడిగింది:

"తాగే నీళ్ళు క్యాను కొంటన్నాం అబ్బయ్యా. అన్నానికీ పప్పుకీ ఈ బోరు నీళ్ళే. కడుపులోకి పోయేది అదీ నీళ్ళే గదా, దాన్ని లెక్కెయ్యరా?"

లీటరుకి 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదని మేం తాగునీటికి లెక్క కడతాం. వంటలో నీళ్ళు మరిగి ఆవిరవుతాయి, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది. ఆమె అడిగేదాకా నాకా ఆలోచన రాలేదు.

నా విద్యార్థిని ఒకమ్మాయి అదే టాపిక్‌గా తీసుకుంది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంది. నోటుబుక్కులో మొదటి వరుస ఇలా రాసుకుంది: అన్నానికి ఎసరు, ఆరు చెంబులు. పప్పుకి మూడు.