గండి పడిందా, కొట్టారా?

శ్రోతలకు నమస్కారం. మన వార్తల్లో దాదాపు రోజూ వినపడే ఒక మాట గురించి ఇవాళ మీతో మాట్లాడాలని వచ్చాను. ఆ మాట గండి.

నేను కృష్ణా డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఊళ్లో పెరిగాను. వానాకాలం రాత్రి ఎవరైనా "గండి పడిందంట" అని కేకేస్తే, ఇళ్లలో ఉన్నవాళ్లంతా పారలు, ఖాళీ గోతాలు పట్టుకుని పరిగెత్తేవాళ్లు. గండి ఉన్నట్టుండి పడదు. ఎలుకో ఎండ్రకాయో గట్టులో బొరియ చేస్తుంది. అందులోంచి నీరు ఊరి, బుంగ పడుతుంది. బుంగలో మట్టి కొట్టుకుపోయి పైనున్న గట్టు కూలినప్పుడే అది గండి. అందుకే మా కాలువను కాపలా కాసే లస్కరు గట్టు మీద నడిచేటప్పుడు కాలువలోకి చూసేవాడు కాదు, బయటి వాలు వైపే చూసేవాడు. అక్కడ చెమ్మ కనబడితే ఆగిపోయేవాడు.

ఈ మాటకు నష్టంతో సంబంధం లేని అర్థం కూడా ఉంది. కడప జిల్లాలో పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే చోట కట్టిన కోట గండికోట. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల మధ్య నుంచి వచ్చే చోటు పేరే గండి. అక్కడి ఆంజనేయస్వామిని గండి ఆంజనేయుడనే కొలుస్తారు. అక్కడ గండి అంటే నీరు చేసుకున్న దారి.

ఇక పత్రికల సంగతి. ఖజానాకు గండి, ఆదాయానికి గండి, ఓటు బ్యాంకుకు గండి. డబ్బును, ఓట్లను చెరువులో నిలిచిన నీళ్లలా చూడటం మనకు కొత్త కాదు. నిధులు పారాయంటాం, డబ్బు నీళ్లలా ఖర్చయిందంటాం. కాబట్టి ఈ వాడుకను నేను తప్పుపట్టను. మంచి మాట, మన పొలాల్లోంచి వచ్చిన మాట.

కానీ నేను ఒక పత్రిక డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో "మార్కెట్ యార్డు ఆదాయానికి గండి" అని శీర్షిక పెట్టాను. మా పెద్దాయన అది చూసి, "ఏం బాబూ, గండి పడిందా, కొట్టారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. విలేకరి పంపిన వార్త మళ్లీ చదివాను. యార్డుకు కట్టాల్సిన సెస్సు, అంటే మార్కెట్ రుసుము, కట్టకుండా లారీలు చెక్‌పోస్టు దాటిపోతున్నాయని ఒక పేరాలో ఉంది. ఆ ఏడు వానల్లేక సరుకే తక్కువ వచ్చిందని ఇంకో పేరాలో ఉంది. రెండింటినీ కలిపి నేను ఒకే గండి చేశాను.

మా ఊళ్లో అయితే ఆ తేడా పిల్లలకు కూడా తెలుసు. గండి పడిందంటే గట్టు బలహీనం, చూడాల్సినవాళ్లు చూడలేదు. గండి కొట్టారంటే ఎవడో పార పట్టుకొచ్చాడు, ఆ నీరు ఎవరి పొలానికో పోయింది. చెరువుకు నీరే రాకపోతే దాన్ని ఎవరూ గండి అనరు. వాన లేదంటారు, అంతే. శీర్షికలో క్రియ తీసేసి 'గండి' దగ్గర ఆపేస్తే ఈ మూడూ ఒకటైపోతాయి. పార పట్టుకున్నవాడు కనబడడు. కరువొచ్చిన రైతు మాత్రం దొంగల వార్తలో ఇరుక్కుంటాడు. చోటు చాలదని క్రియను కోసేయడం డెస్కులో మామూలే గానీ, ఈ మాట దగ్గర మాత్రం కోయకూడదని నా గట్టి అభిప్రాయం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు మూడు చోట్ల గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. మేడల మీద జనం పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. సైన్యం కూడా వచ్చి సాయం చేసింది. గండ్లు ఎక్కడెక్కడ పడ్డాయి, ఏది పూడింది, ఏది ఇంకా పూడలేదు అని పత్రికలు రోజూ రాశాయి. మూడోది 7వ తేదీన పూడిందని చదివి ఊపిరి పీల్చుకున్నాను. అలాంటి రోజుల్లో లోపలి పేజీలో ఏ పన్ను బకాయికో గండి అని శీర్షిక పెట్టడం నాకైతే మనసొప్పదు. ఇంట్లో నడుము లోతు నీళ్లున్నవాళ్లు కూడా ఆ పేపరే చదువుతారు.

ఆ రోజు మా పెద్దాయన చెప్పినట్టే శీర్షిక మార్చాను. "సెస్సు ఎగ్గొట్టి దాటుతున్న లారీలు" అని పెట్టి, వానల సంగతి వేరే వార్తగా ఇచ్చాం. బుడమేరు గండి పూడేదాకా రాసినట్టు, ఆ చెక్‌పోస్టు దగ్గర గండి పూడిందో లేదో మాత్రం మేం మళ్లీ వెళ్లి చూడలేదు. అది రాయాల్సిన వార్తే.

నమస్కారం.