ఫ్రాంజ్ ఓస్టెన్: మ్యూనిక్ నుంచి మలాడ్ దాకా

యాంకర్: నమస్కారం. హిందీ రాకుండానే బాంబే టాకీస్ స్టూడియోకి వరసపెట్టి హిందీ సినిమాలు తీసిపెట్టిన జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్. ఈ వారం ఆయన గురించి మాట్లాడుకుందాం. మనతో సినీ చరిత్ర పరిశోధకులు ఒకరు, సినిమాటోగ్రాఫర్ ఒకరు ఉన్నారు. సార్, ఆయన ఇండియాకి ఎలా వచ్చారు?

పరిశోధకుడు: 1876లో మ్యూనిక్‌లో పుట్టారండి. అసలు ఇంటిపేరు ఓస్టర్‌మయర్. తమ్ముడు పీటర్‌ది అక్కడ ఎమెల్కా అనే ఫిల్మ్ కంపెనీ. బుద్ధుడి కథ తీయాలని తిరుగుతున్న హిమాంశు రాయ్ చివరికి వాళ్ల దగ్గర చేరారు. డైరెక్టరు, కెమెరాలు, టెక్నీషియన్లు వాళ్లవి. డబ్బు, నటులు, లొకేషన్లు రాయ్‌గారివి. అలా 1925లో 'ప్రేమ సన్యాస్' వచ్చింది. బుద్ధుడి వేషం రాయ్‌గారే వేశారు. తర్వాత 'షిరాజ్', 'ప్రపంచ పాశ్'. మూడూ మూకీలే.

సినిమాటోగ్రాఫర్: 'ప్రపంచ పాశ్' చూసి తీరాలి. జూదంలో రాజ్యం ఓడిపోయే కథ. ఏనుగులు, గుర్రాలు, వేల మంది జనం, అన్నీ నిజంగా కెమెరా ముందు ఉన్నవే.

యాంకర్: ఇక టాకీల్లోకి వద్దాం. భాష రానివాడు డైలాగు సీను ఎలా తీస్తాడు మేడమ్?

సినిమాటోగ్రాఫర్: ఒక్కడివల్ల ఎక్కడవుతుందండీ! 1934లో బొంబాయి శివార్లలోని మలాడ్‌లో రాయ్‌గారు బాంబే టాకీస్ పెట్టాక పెద్ద టీమే ఉంది. కథ నిరంజన్ పాల్, హిందీ మాటలు, పాటలు జె.ఎస్. కశ్యప్, సంగీతం సరస్వతీ దేవి, కెమెరా జోసెఫ్ విర్షింగ్. 1936 నాటి 'అఛూత్ కన్య'లో రైల్వే గేటు చూడండి. హీరోయిన్ కస్తూరి గేట్‌మన్ కూతురు, దళిత పిల్ల. ఆమె బతుకు ఆ పట్టాల పక్కనే గడుస్తుంది, ప్రాణం కూడా ఆ రైలు కిందే పోతుంది. కస్తూరిగా వేసిన దేవికా రాణి మొహం మీద పడే ఆ మెత్తటి వెలుగు విర్షింగ్ పనితనం. పేరంతా ఓస్టెన్‌కే కట్టబెడితే నేను ఒప్పుకోను.

పరిశోధకుడు: మన 'మాలపిల్ల' 1938లో వచ్చింది. అక్కడా బ్రాహ్మణ అబ్బాయి, దళిత అమ్మాయే. కానీ గూడవల్లి రామబ్రహ్మంగారు ఆ జంటని బతికించి పెళ్లి చేశారు. నాకు అదే పెద్ద ధైర్యంగా కనిపిస్తుంది.

యాంకర్: ఆ 1936లోనే ఓస్టెన్ నాజీ పార్టీలో చేరారు కదా?

పరిశోధకుడు: చేరారు. దాన్ని కప్పిపుచ్చకూడదు. అంటరానితనం తప్పని చెప్పే సినిమా తీస్తూ, మనుషుల్ని పుట్టుకతో వేరుచేసే పార్టీలో సభ్యత్వం తీసుకున్నారు. నాకది మింగుడుపడదు.

సినిమాటోగ్రాఫర్: నాక్కూడా. అందుకే ఆ సినిమాలోని మంచి ఓస్టెన్ ఒక్కడి మనసులోంచి వచ్చిందనుకోవద్దంటున్నా. ఆ కథ నిరంజన్ పాల్‌ది.

పరిశోధకుడు: కథ ఆయనదే, కాదనను. కానీ షాట్ ఎక్కడ కట్ చేయాలో, నటుడు ఎంత తగ్గించి నటించాలో చెప్పింది ఓస్టెనే. ఆ పని బాగా చేశాడు. ఆ మాట కూడా చెప్పాలి మేడమ్.

యాంకర్: 1939లో ఏమైంది?

పరిశోధకుడు: సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే ఇక్కడున్న జర్మన్లను బ్రిటిష్‌వాళ్లు నిర్బంధించారు. అప్పుడు 'కంగన్' సెట్స్ మీద ఉంది. నిర్బంధం నుంచి విడుదలయ్యాక ఓస్టెన్ జర్మనీ వెళ్లిపోయారు, 1956లో బాడ్ ఐబ్లింగ్‌లో చనిపోయారు. మళ్లీ ఇక్కడ సినిమా తీయలేదు.

సినిమాటోగ్రాఫర్: విర్షింగ్‌ని కూడా నిర్బంధించారు. కానీ ఆయన ఇక్కడే ఉండిపోయారు. 1949 నాటి 'మహల్'కి కెమెరా పనిచేశారు. 'పాకీజా' పని జరుగుతుండగా 1967లో పోయారు, సినిమా 1972లో రిలీజైంది. విర్షింగ్ మీద విడిగా ఒక ఎపిసోడ్ పెట్టండి, నేను వస్తాను.

యాంకర్: తప్పకుండా పెడదాం మేడమ్. ఇద్దరికీ ధన్యవాదాలు.