ఆ మెథడ్ ఏం లెక్కపెడుతోంది?

అందరికీ నమస్కారం.

"తెలుగు" అనే మాటలో ఎన్ని అక్షరాలని రెండో తరగతి పిల్లల్ని అడిగినా మూడనే చెబుతారు. అదే మాటను రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా రాసి లెంగ్త్ (పొడవు) అడగండి, 6 వస్తుంది. బైట్‌సైజ్ అడిగితే 18. గ్రాఫీమ్ క్లస్టర్లుగా, అంటే కంటికి ఒక్కో అక్షరంగా కనిపించే ముక్కలుగా విడదీసి లెక్కపెడితే అప్పుడు మనకు తెలిసిన 3 వస్తుంది. మూడూ సరైన జవాబులే. "తె"లో త ఒక కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లో విడిగా నంబరు ఉన్న గుర్తు), ఎత్వం ఇంకొకటి; లెంగ్త్ లెక్కపెట్టేది వీటినే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. రూబీ 1.8 వెర్షన్ రోజుల్లో ఇదే లెంగ్త్ 18 అని చెప్పేది, 1.9 నుంచి 6 అంటోంది. మెథడ్ (లెంగ్త్ లాంటి, పేరుపెట్టి పిలిచే పని) పేరు అదే, లెక్కపెట్టేది మాత్రం మారిపోయింది. పేరు చూసి ఆ సంగతి ఎవరు పట్టుకోగలరు? ఎక్కడో ఒకచోట, అంటే డాక్యుమెంటేషన్‌లో రాసి ఉండాలి.

యుకిహిరో మాత్సుమోతో 1993లో జపాన్‌లో రూబీ పని మొదలుపెట్టి, 1995 డిసెంబరులో అందరికీ అందించారు. మొదటి కొన్నేళ్లు దాని గురించి వివరంగా రాసినదంతా దాదాపు జపనీస్‌లోనే ఉండేది. 2000లో డేవ్ థామస్, ఆండీ హంట్ ఇంగ్లిష్‌లో పుస్తకం రాశాక బయటివాళ్లకు దారి దొరికింది. థామస్ అక్కడితో ఆగకుండా ఆర్‌డాక్ అనే టూల్ కూడా రాశారు. మెథడ్ పైన ఉన్న కామెంట్లను (కోడ్‌లో మనుషుల కోసం రాసిన వివరణలను) చదివి అది పేజీలు తయారుచేస్తుంది. రూబీతోపాటే వచ్చే కోర్ క్లాసులు (మెథడ్‌లు ఉండే కోడ్ భాగాలు) చాలావరకు సీ భాషలో ఉంటాయి కదా, అక్కడి కామెంట్లనూ చదువుతుంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఒకటే: కోడ్ మార్చేవాళ్ల కంటికి ఎదురుగానే వివరణ ఉంటుంది.

రూబీలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. మెథడ్‌కు ఇచ్చే పారామీటర్‌కు టైపు (అది సంఖ్యా, స్ట్రింగా అన్నది) రాయం. మన క్లాసులో ఈచ్ అనే మెథడ్ రాసి ఎన్యూమరబుల్ అనే రెడీమేడ్ మెథడ్‌ల మాడ్యూల్‌ను కలుపుకుంటే మ్యాప్, సెలెక్ట్ లాంటివన్నీ వచ్చేస్తాయి. ఎంత హాయి! కానీ ఆ ఈచ్ ఒక్కో వస్తువునూ బ్లాక్‌కు, అంటే మెథడ్‌తోపాటు మనం ఇచ్చే కోడ్ ముక్కకు అందించాలి. అందిస్తోందో లేదో రూబీ ముందుగా సరిచూడదు. ఆ ఒప్పందం రాతలోనే ఉంటుంది.

ఒకసారి మా టీమ్‌లో ఊళ్లవారీగా ఆర్డర్లు దాచడానికి ఒక హ్యాష్ (కీ చెబితే దాని కింద దాచినది ఇచ్చే పట్టిక) పెట్టి, లేని కీ అడిగితే ఖాళీ అర్రే (జాబితా) ఇవ్వమని రాశాం. గుంటూరు కింద ఆర్డర్ చేరిస్తే, ఏమీ చేర్చని నెల్లూరులోనూ అదే కనిపించింది. హ్యాష్ సైజు చూస్తే సున్నా! రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి డాక్యుమెంటేషన్ తెరిస్తే, అన్ని కీలకూ డిఫాల్ట్‌గా వచ్చేది ఒకే ఆబ్జెక్ట్ (మా విషయంలో అదే అర్రే) అని ఉంది. ఆ అర్రేను బ్లాక్‌లో కొత్తగా తయారుచేసి కీకి అప్పజెప్పగానే సర్దుకుంది.

అప్పటినుంచి మా లైబ్రరీలో ప్రతి మెథడ్ మీదా నడిపి చూడగలిగే ఉదాహరణ ఒకటి అడుగుతున్నాం. నిల్ (ఏమీ లేదని చెప్పే విలువ) ఇస్తే ఏమవుతుంది, ఇచ్చిన ఆబ్జెక్ట్‌నే మారుస్తుందా, కొత్తది ఇస్తుందా అన్నవి తప్పకుండా రాయాలి. స్ట్రింగ్ తీసుకునే మెథడ్ అయితే ఉదాహరణల్లో ఒక తెలుగు మాట ఉండాలి. "స్త్రీ" లాంటి ఒత్తులున్న మాటైతే మరీ మంచిది.