ఆరో వేలు ఎక్కడ మొదలవుతుంది?

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి మైకు వినిపిస్తోంది కదా?

మన ఊళ్ళల్లో బిడ్డ ఆరో వేలితో పుడితే అదృష్టం అంటారు. పెదవి చీలి పుడితే మాత్రం తల్లిని నిలదీస్తారు. గ్రహణం పూట బయటికొచ్చావా, కత్తిపీట పట్టుకున్నావా అని. అరసవల్లి పక్కనే ఉండి గ్రహణం సంగతి ఎత్తడం సాహసమే, అయినా చెప్తాను. పిండానికి పై పెదవి అతుక్కునేది ఆరేడు వారాల్లో. తను గర్భవతినని ఆ తల్లికి అప్పుడప్పుడే తెలుస్తూ ఉంటుంది. పెదవి చీలడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో గ్రహణం లేదు. కొన్ని కారణాలు మాత్రం కణంలోని కేంద్రకంలో, జన్యువులకి చాలా దూరంగా ఉన్నాయి. ఇవాళ అక్కడికి వెళ్దాం.

ఒక్క కణంలోని డీఎన్‌ఏని సాగదీస్తే దాదాపు 2 మీటర్లు. అది ఇమిడేది మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఓ ఆరు ఉండే కేంద్రకంలో. ఈ అంకెలు బుర్రకెక్కవు కాబట్టి అన్నిటినీ లక్ష రెట్లు పెంచి చూద్దాం. డీఎన్‌ఏ ఓ మోస్తరు కుట్టుదారమంత లావవుతుంది. పొందూరు నూలు ఇంకా సన్నం, దాన్ని ఇందులోకి లాగను. ఆ దారం పొడవు 200 కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి విశాఖపట్నం వెళ్ళి ఇంచుమించు తిరిగొచ్చేంత. అదంతా 46 ముక్కలుగా, 60 సెంటీమీటర్ల గోళంలో సర్దుకుని ఉండాలి. ఉండటమే కాదు, ఏ చోటు ఎప్పుడు కావాలంటే అప్పుడు చదవడానికి దొరకాలి.

ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే జన్యువులు మనలో సుమారు 20,000. వాటిలో ప్రొటీన్‌కి నేరుగా సూచనలిచ్చే భాగాలన్నీ కలిపినా ఆ దారంలో 2 శాతానికి మించవు. కంట్లో ఉన్న దారమే కాలేయంలోనూ ఉంది. తేడా అల్లా ఏ కణం ఏ జన్యువుని చదువుతుందన్నదే. దాన్ని తేల్చే చిన్న చిన్న భాగాలు మిగతా 98 శాతంలో చెదిరి ఉన్నాయి. వాటిని ఎన్‌హాన్సర్లు అంటాం.

ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. చేతివేళ్ళ ఏర్పాటు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు మీద ఆధారపడుతుంది. పేరు వీడియో గేములోని ముళ్ళపందిది, శాస్త్రవేత్తల సరదా. నాలుగో వారం చివర పిండం పక్కన చిన్న మొటిమలా చెయ్యి మొలుస్తుంది. ఆ మొటిమలో ఈ జన్యువు పనిచేసేది ఒకే అంచున, చిటికెన వేలు రావాల్సిన వైపు. అక్కణ్ణుంచి ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ మిగతా మొటిమలోకి పాకుతుంది. ఎంత సేపు, ఎంత మోతాదు అందిందన్న దాన్ని బట్టి ఏ వేలు ఎక్కడన్నది తేలుతుంది.

ఆ అంచున దాన్ని వెలిగించే ఎన్‌హాన్సర్ పేరు జెడ్‌ఆర్‌ఎస్. అది జన్యువు పక్కన లేదు. దాదాపు 10 లక్షల డీఎన్‌ఏ అక్షరాల (దారంలో వరుసగా ఉండే రసాయన ముక్కల) దూరంలో, సంబంధం లేని మరో జన్యువు మధ్యలో ఉంది. మన దారం లెక్కలో 34 మీటర్లు! 2003లో ఈ సంగతి బయటపడింది. అందులో ఒక్క అక్షరం మారితే చాలు, జన్యువు బొటనవేలి వైపు కూడా వెలుగుతుంది, అటు అదనపు వేలు పుడుతుంది. జన్యువులో మాత్రం ఏ లోపమూ ఉండదు. చిటికెన వేలి పక్కన వచ్చే ఆరో వేలికి కారణాలు వేరు, రెంటినీ కలపకండి.

ఎలుకల్లో ఈ ఎన్‌హాన్సర్‌ని తీసేస్తే మెదడూ వెన్నూ బాగానే వస్తాయి, కాళ్ళు మాత్రం పొట్టి మొండి ముక్కలుగా మిగులుతాయి. పాముల్లో ఇది శిథిలమైపోయింది. 2016లో ఎలుక సొంత జెడ్‌ఆర్‌ఎస్ బదులు పాముది పెట్టి చూశారు. దాదాపు కాళ్ళు లేని ఎలుకలే పుట్టాయి. నన్నడిగితే, పాముకి కాళ్ళెందుకు లేవన్న ప్రశ్నకి ఇంతకంటే ముచ్చటైన ప్రయోగం లేదు.

మరి 34 మీటర్ల అవతల ఉన్నది తన జన్యువుని ఎలా చేరుతుంది? దారం మడత పడుతుంది. కోహెసిన్ అనే ఉంగరం లాంటి ప్రొటీన్ దారాన్ని లోపలికి లాగి ఉచ్చు పెంచుతూ పోతుంది. సీటీసీఎఫ్ అనే మరో ప్రొటీన్ కూర్చున్న చోట ఆగుతుంది. అలా దారమంతా విభాగాలవుతుంది. ఒక విభాగంలోని ఎన్‌హాన్సర్ ఎక్కువగా ఆ విభాగంలోని జన్యువులనే కదిలిస్తుంది. 2012లో ఈ విభాగాల పటం వచ్చింది. మనిషి పిండం మొదటి రెండు మూడు రోజులు తల్లి అండంలో దాచినదాంతోనే బతుకుతుంది. నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో సొంత జన్యువులు గట్టిగా మేల్కొంటాయి. ఈ విభాగాల మధ్య హద్దులు కూడా ఇంచుమించు అప్పట్నుంచే రూపు దిద్దుకుంటాయి.

హద్దు చెరిగితే ఏమవుతుందో 2015లో బెర్లిన్ పరిశోధకులు చూపించారు. వేళ్ళు పొట్టిగా ఉన్న కొన్ని కుటుంబాల్లో ఒక డీఎన్‌ఏ ముక్క, దాంతోపాటు ఒక హద్దు ఎగిరిపోయాయి. దాంతో చేతి ఎన్‌హాన్సర్లు అవతలి విభాగంలో ఉన్న, తమకి పనిలేని పాక్స్3 జన్యువుని లేపాయి. ఎలుకల్లో హద్దుని మాత్రం ఉంచి ముక్కని తీసేస్తే వేళ్ళు మామూలుగానే వచ్చాయి.

ఇంతవరకూ చక్కగా ఉంది, అందుకే కొంచెం అనుమానించాలి. సోనిక్ హెడ్జ్‌హాగ్ పక్కన ఉన్న సీటీసీఎఫ్ చోట్లని ఎలుకల్లో తొలగిస్తే జన్యువు జోరు దాదాపు సగానికి తగ్గింది, వేళ్ళు మాత్రం బాగానే వచ్చాయి. బతికున్న కణాల్లో చూసినవాళ్ళకి, మరో జన్యువు విషయంలో, ఎన్‌హాన్సర్ దగ్గరకి రావడానికీ జన్యువు వెలగడానికీ పొంతన కుదర్లేదు. కాబట్టి హద్దంటే ప్రహరీ గోడ అనుకోకండి. ఒక్కో జన్యువుది ఒక్కో తీరు.

చదవక్కర్లేని డీఎన్‌ఏలో చాలా భాగం కేంద్రకం అంచుకి అతుక్కుని ఉంటుంది. కణం తన వృత్తి ఎంచుకునేకొద్దీ కొన్ని జన్యువులు అంచు వదిలి లోపలికొస్తాయి. ఆడపిల్లల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి దాదాపు మొత్తం ముడుచుకుపోతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. ఆ ముద్దని 1949లోనే పిల్లి కణాల్లో చూశారు.

ఆసుపత్రి సంగతొకటి చెప్పి ముగిస్తాను. చాలామందికి చేసే ఎక్సోమ్ పరీక్ష ప్రధానంగా ఆ 2 శాతాన్నే చదువుతుంది. జెడ్‌ఆర్‌ఎస్ లాంటివి దానికి అందవు. రిపోర్టులో ఏమీ లేదని వస్తే, ఏ భాగం చదివారో డాక్టర్‌ని అడగండి. ఇక మీ ప్రశ్నలు. ముందు ఆ కిటికీ పక్క అమ్మాయి, ఎప్పట్నుంచో చెయ్యెత్తి ఉంది.