‘య’తో మొదలయ్యే అక్షరమాల

అందరికీ నమస్కారం. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లకు రామ్ రామ్.

మీరంతా వచ్చే నెల నుంచి ఏజెన్సీ గ్రామాల్లో పిల్లలకు కంప్యూటర్ నేర్పబోతున్నారు. సిలబస్ సంగతి మధ్యాహ్నం వేరేవాళ్లు చెప్తారు. నేను నా తప్పులు చెప్పి కూర్చుంటాను.

ఉట్నూరు దగ్గర ఒక ఊళ్లో గోండు పిల్లలకు మొదటి రోజు నేనూ అందరిలాగే టైపింగ్‌తో మొదలుపెట్టాను. ఏ, ఎస్, డి, ఎఫ్. వేళ్లు కదిలాయి గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. సిగ్గనుకున్నాను. కాదు, వాళ్లకు విసుగు పుట్టింది.

రెండో వారంలో గుంజాల లిపి తెచ్చాను. నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత ప్రతుల్లోని లిపి అది. గోండి రాయడానికి ఇదొక్కటే లిపి కాదు. 1918లో మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారాం తయారుచేసిన లిపి ఇంకొకటి ఉంది. అది 2017లో యూనికోడ్‌లో చేరితే, గుంజాల లిపి 2018లో చేరింది. అంటే ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఒక నంబరు వచ్చింది. ఆ నంబర్ల వరుస ఎలా ఉందో చూడండి. అచ్చులయ్యాక మనలా క, ఖ, గ కాదు. య, వ, బ, భ, మ... ఆ తర్వాతే క. లిపిలో ఉన్న వరుసనే యూనికోడ్‌లోనూ ఉంచారు.

ఆ లిపిని చూపించే నోటో ఫాంట్ వేసుకుని, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్లు రాసి, ఊళ్ల పేర్లు వరుసలో పెట్టమన్నాను. తెలుగు లిపిలో రాస్తే కేస్లాపూర్ ముందు, మార్లవాయి తర్వాత. గుంజాల లిపిలో రాస్తే మార్లవాయే ముందు! క్లాసులో గోల. కేస్లాపూర్ అంటే నాగోబా గుడి ఉన్న ఊరు, అది వెనక్కి ఎలా పోతుందని ఒకడి పేచీ. ‘సార్ట్’ అంటే ఏమిటో, కంప్యూటర్‌కు అక్షరం కాక అంకె ఎందుకు కనిపిస్తుందో ఆ పేచీలోనే తేలిపోయింది. నేను పెద్దగా చెప్పిందేమీ లేదు.

అయితే ఒక మాట. ఫోన్‌లో ఈ లిపి ఫాంట్ లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. నానమ్మకు ఆ లిపిలో మెసేజ్ పెడితే ఆవిడ చదవలేదు కూడా. గొంతుకు ఆ ఇబ్బంది లేదు. శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర అనే ఫోన్ వేదిక 2010 నుంచి చేస్తున్న పని అదే. మామూలు ఫోన్ నుంచి కాల్ చేసి గోండిలో మాట్లాడితే అది రికార్డవుతుంది, ఇంకొకరు కాల్ చేసి వినొచ్చు. చదువు రాకపోయినా ఫర్వాలేదు.

అందుకే మూడో నెలలో పిల్లలకు ఆడియో నేర్పాను. నా అసలు తప్పు అక్కడే. “మీ ఊళ్లో ప్రధాన్ తాత కిక్రీ వాయిస్తూ చెప్పే కథ రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టండి” అన్నాను, ఏదో గొప్ప పని చెప్పినట్టు. ప్రధాన్లంటే గోండులకు వంశ కథలు చెప్పేవాళ్లు, కిక్రీ వాళ్లు వాయించే తీగల వాద్యం. వెనక బెంచీ అమ్మాయి లేచింది. “సార్, అది మా వంశం కథ కాదు. తాతను అడగాలి. ఆయన ఎవరికి కథ చెప్తాడో ఆ ఇళ్లవాళ్లనీ అడగాలి.”

నిజమే. ఒక్కో ప్రధాన్ కుటుంబం తరతరాలుగా కొన్ని గోండు కుటుంబాలకే కథ చెప్తుంది. ఆ సంబంధం తెలియకుండానే నేను ‘అప్‌లోడ్’ అనేశాను. సంస్కృతిని కాపాడటం అంటే అన్నీ ఇంటర్నెట్‌లో పెట్టడమేనని నా బుర్రలో ఎవరు పెట్టారో!

ఆ వారం ఇక ఎడిటింగ్ క్లాసు నడవలేదు. ఫోల్డర్ షేరింగ్ నేర్చుకున్నాం. ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పిల్లలు ఇళ్లకు వెళ్లి అడిగొచ్చారు. దండారి పండగ పాటలు అందరికీ సరే అన్నారు. కొన్ని కథలు ఊరివాళ్లకే అన్నారు. రెండిటికి తాత అసలు ఫోనే తీయొద్దన్నాడు, తీయలేదు. పాస్‌వర్డ్ గురించి నేను ఏడాదంతా చెప్పినా అంత శ్రద్ధగా వినేవాళ్లు కాదు.

‘ఊరివాళ్లకే’ అన్న ఫోల్డర్ ఇప్పటికీ ఉంది. నిరుడు ఒకసారి ఆ లింకు నొక్కి చూశాను. నాకు అనుమతి లేదని వచ్చింది.